డెల్బర్ట్ ఉరిజార్ గారు కోరుకున్న పలచని కాలువ

నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీ డెల్బర్ట్ ఉరిజార్ గారు 1986 ఏప్రిల్ 7వ తేదీన హేగర్‌మన్ లోయలోని మన ట్రౌట్ చేపల పెంపక కేంద్రంలో మేత వేసే ఉద్యోగిగా చేరారు. కొండచరియలోంచి దూకే ఊటనీరు సిమెంటు కాలువల్లో పరుగెత్తడం చూసి ఎంత మురిసిపోయారో, ఆ నీటిలో కిక్కిరిసి, ఒకదాన్నొకటి రాసుకుని రెక్కలు అరిగిపోయిన చేపలను చూసి అంత దిగులుపడ్డారు. చిన్ననాడు స్నేక్ నదిలో పట్టిన నిండు రెక్కల ట్రౌట్ వారి కళ్లముందు నుంచి ఏనాడూ కదలలేదు.

చేప పిల్లల విభాగానికీ, ఆపైన పర్యవేక్షక పదవికీ ఎదిగినా వారి కోరిక ఒక్కటే: ఒక్క కాలువలోనైనా సగం చేపలే వేసి పెంచాలి. 2003లో అనుమతి దొరికింది. అదే మేత, అదే నీరు. అయినా పలచని కాలువలో చేపలు పక్కవాటిని దాటి ఎదిగాయి. అంతలో కుమార్తె పెళ్లికి బోయిసీ నగరానికి వెళ్లి వచ్చేసరికి కాలువ కిటకిటలాడుతోంది.

"ఎవరు పోశారు వీటిని?"

"నేనేనయ్యా," అన్నారు సహోద్యోగి ఒరిన్ టెగన్ గారు. "కాలువ బోసిగా ఉంది. పెళ్లి హడావిడిలో మర్చిపోయావనుకుని సాయం చేశా."

"సాయమా! వాటికి కాస్త చోటిచ్చాను బాబూ!"

"చోటా? మంచాలు కూడా వేయించకపోయావా?"

ఖాళీ నీరు కనబడితే చేయి ఊరుకోకపోవడం మన వృత్తిలో అందరికీ ఉన్న జబ్బే. డెల్బర్ట్ గారు కోప్పడలేదు. కానీ చేప పిల్లలను కాలువల్లోకి వదిలే ప్రతి వసంతంలోనూ ఆ కాలువ గట్టున ఒక్క క్షణం ఆగేవారు.

నిరుడు కొత్త మేనేజర్ రోండా టలీ గారు మళ్లీ ఒక కాలువ ఇచ్చారు. చేపలు నిగనిగలాడుతూ ఎదుగుతుండగా, పోయిన వారం బండ విరిగిపడి పక్క కాలువకు నీరు తెచ్చే గొట్టం పగిలింది. అందులోని చేపలు ఊపిరాడక పైకి తేలి నోళ్లు తెరిచాయి.

"చోటున్నది మీ కాలువలోనే. ఏం చేద్దాం, డెల్బర్ట్?" అన్నారు రోండా గారు.

డెల్బర్ట్ గారు రెండు కాలువలనూ చూశారు. "అడుగుతారేంటండీ? పోసెయ్యండి," అని మొదటి వల తామే ఎత్తారు.

చేపలు బతికాయి. ప్రయోగం ముగిసింది.

వచ్చే వసంతంలో ఆ కాలువలో మళ్లీ సగం చేపలే వేస్తామని మేమంతా మాట ఇస్తున్నాం. కాపలా ఒరిన్ గారిది. చన్నీటి గట్టు మీద ఇన్నేళ్లు నిలబడిన డెల్బర్ట్ గారి మోకాళ్లకు ఇకపై సుఖం, ఆ కళ్లకు చెదరని చూపు, ఆ దంపతులకు నిండైన ఆయుష్షు దక్కాలనీ, శరదృతువులో ఎదిగిన చేపలు పట్టేటప్పుడు ఆ కాలువలోకి మొదటి వల వారే దించాలనీ మనసారా కోరుకుంటున్నాం.