కణంలో కార్గో: ఎస్తేరమ్మ గారి ఆరేళ్ల తలనొప్పి

2008 జూన్ పదహారవ తేదీన, కొత్త విమానాశ్రయం తెరిచి మూడు నెలలైనా నిండని రోజుల్లో, శ్రీమతి ఎస్తేరమ్మ గారు శంషాబాద్‌లోని మన ఉన్నత పాఠశాలలో జీవశాస్త్ర ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. అంతకుముందు కొత్తూరులో దీర్ఘకాలం బోధించి, ఓర్పుకు పేరు తెచ్చుకున్నారట. ఆ ఓర్పు దారిలో ఎక్కడ జారిపోయిందో గానీ, మన పాఠశాల దాకా మాత్రం చేరలేదు.

చేరిన మరునాడే, ప్రయోగశాలలో కూర్చుని టిఫిన్లు తినే ఉపాధ్యాయులందరినీ వరండాలోకి తరిమారు. వసతిగృహం వంటగదిలోంచి ఉల్లిగడ్డలు తెప్పించి, పొరలు ఒలిపించి, పిల్లలందరికీ కణకవచాన్నీ, కేంద్రకాన్నీ కళ్లారా చూపించారు.

“మేడం, మీ కణాలు గిట్ల నా పోపు మీదనే పడ్డయేంది?” అని వంట భారతమ్మ మొత్తుకుంటే, “పోపు రేపు గూడ పెట్టొచ్చు, పాఠం ఇయ్యాల్నే” అని కసిరారు. విమానం లేచినప్పుడల్లా కిటికీ అద్దాలు అదిరి, సూక్ష్మదర్శినిలో కేంద్రకం వణికేది. పైలట్‌ను కూడా బెంచీ ఎక్కించి నిలబెట్టాలన్నంత కోపంగా ఆమె ఆకాశం వైపు చూసేవారు.

అయినా ఆ విమానాశ్రయాన్నే పాఠానికి వాడుకున్నారు. ఇంటికొకరు అక్కడ పని చేసే ఊరు కదా! కణత్వచం తనిఖీ గేటు, మైటోకాండ్రియా జనరేటరు, గాల్జీ సంక్లిష్టం సరుకులు సర్ది పంపే కార్గో షెడ్డు. పిల్లలకు ఇట్టే పట్టుబడింది. పట్టుబడడమే కొంప ముంచింది.

2010లో ప్రయోగశాల సహాయకురాలిగా చేరిన సునీత చదువు పెళ్లి వల్ల తొమ్మిదవ తరగతిలోనే ఆగిపోయింది. భర్త శివ కార్గోలో మూటలు మోస్తాడు. ఇంట్లో పసిబిడ్డ మనీషా. పదవ తరగతి పాసు కానివారిని 2014 జూన్ తరువాత ప్రయోగశాలలో ఉంచబోమని యాజమాన్యం చెప్పడంతో, సునీతకు అన్నం సహించలేదు. ఓపెన్ స్కూలు పరీక్షకు కట్టించి, చివరి గంట కొట్టాక స్వయంగా కూర్చోబెట్టి చదివించింది ఎస్తేరమ్మ గారే. 2013లో సైన్సు పరీక్ష రాసి వచ్చిన సునీతను గేటు దగ్గరే పట్టుకున్నారు.

“గాల్జీ ఏం చేస్తదని రాసినవ్?”

“సామాన్లు మూటగట్టి, చీటీలంటించి, బెల్టు మీద ఏస్తదని రాసిన మేడం.”

“కణత్వచం?”

“టికెట్ లేనోళ్లను లోపలికి రానియ్యదని.”

మేడం నెత్తి కొట్టుకున్నారు. “పేపర్లు దిద్దెటాయన విమానమెక్కనీకి వచ్చిండా? ప్రొటీన్ అన్న మాట ఒక్కపారన్న రాసినవా?”

“మీరే చెప్పిండ్రు కద మేడం...”

“పోలిక జెప్పిన తల్లీ! అసలు సంగతి మరిచిపొమ్మన్ననా?”

సునీత తప్పింది. ఆ రోజు నుంచి ప్రయోగశాలలో విమానాశ్రయం మాటెత్తడం నిషేధం. అయితే పోలికలు తీసేస్తే సునీతకు పాఠమే మిగలలేదు. పైగా ధ్యాసంతా అంగన్‌వాడీలో ఉన్న బిడ్డ మీదే. వాక్యానికొకసారి ఫోను తీసేది.

“పాప అన్నం తిన్నదో లేదో మేడం. రాత్రి జర ఒళ్లు వెచ్చగుండె.”

విసిగిపోయిన మేడం పుస్తకం మూసేశారు. “తిన్నదనుకో. ఆ అన్నం ఏమైతది?”

“అరిగి... చక్కెరయితది.”

“అయినంక?”

“నెత్తుట్ల కలిసి కణాలకు పోతది.”

“ఆడ?”

“మైటోకాండ్రియాల ఆక్సిజన్‌తోటి కలిసి శక్తి అయితది. ఆ శక్తితోటే పిల్ల ఆడుతది, ఏడుస్తది... మేడం, గీ పనంతా మా మనీషా ఒంట్లనే అయితున్నదా?”

“మరి కార్గోల అయితున్నదనుకున్నవా? ఇగ ఫోను పక్కకు పెట్టు!”

అటుపైన సునీత ఏ కణాంగాన్ని చదివినా బిడ్డ ఒంట్లోనే వెతుక్కుంది. రైబోసోములు ప్రొటీన్లను తయారుచేస్తే, గాల్జీ సంక్లిష్టం వాటిని మార్పుచేసి, చిన్న చిన్న సంచుల్లో నింపి, కావలసిన చోటికి పంపుతుందని ఈ ఏడాది పరీక్షలో తడుముకోకుండా రాసింది. పాసయింది. ఉద్యోగం నిలిచింది.

ఆ కబురు విని ఎస్తేరమ్మ గారు అభినందించలేదు. స్టూలు మీద కూలబడి, “పోయినపారి నువ్వు తప్పింది నా పోలికల తోటే. గీపారి గూడ తప్పితే ఏం మొఖం పెట్టుకొని రిటైరయ్యేదాన్ని?” అన్నారు. ఏడాదిగా ఆమె విసుగులో ఉన్నది భయమని సునీతకు అప్పుడు గానీ తెలియలేదు. మేడంనే చూస్తూ నిలబడింది. మేడం గారికి ఆ చూపు కూడా నచ్చలేదు.

“గట్ల చూస్తున్నవేంది? ఇంటర్ ఎప్పుడు కడ్తవ్?”

“మేడం! నిన్ననే కద పాసయిన!”

2014 జూన్ ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి ఎస్తేరమ్మ గారు, భర్త జయశీలన్ గారు వేళకు బి.పి. మాత్ర వేసుకోమన్నప్పుడు ఎదురు చెప్పకుండా వేసుకొని, చూపు తగ్గకుండా, మోకాళ్లు మొరాయించకుండా నిండు ఆయుష్షుతో ఉండాలి. సునీత ఇంటర్ పూర్తి చేసి, మనీషా పెద్దదై తన సైన్సు పుస్తకంతో ఆమె గుమ్మం ఎక్కే నాటికి, ఆ పిల్లను కూడా నోరారా కసిరేంత ఓపిక ఆమెకు మిగిలి ఉండాలని మన పాఠశాల యావత్తూ మనసారా కోరుకుంటోంది.