బయల్దేరేటప్పుడు అనకూడని మాట

(పరాయి దేశంలో, ఆస్పత్రికి సంచి సర్దుతున్నారు: అతను, భార్య, అతని అక్క.)

“లుంగీ వద్దండీ, అక్కడ వాళ్ళ గౌనే వేస్తారు.”

“వెనకంతా తెరుచుకునే గౌనేనా? అయితే గోడకి ఆనుకునే ఉంటాను.”

“నవ్వులాట కాదురా తమ్ముడూ. మఫ్లరు పెట్టాను. ఇంకో దుప్పటి కూడా...”

“అక్కా, కడుపులో చిన్న ఆపరేషను. ఎల్లుండికి వచ్చేస్తాను. ఊరు ఖాళీ చేస్తున్నట్టు సర్దకు.”

“ఏవండీ, ఇటు చూడండి. సాయంత్రమైతే మమ్మల్ని పంపేస్తారు. మాట్లాడాల్సింది మీరే. నర్సు వచ్చి ఎలా ఉన్నారంటే?”

“ఐ యామ్ ఫైన్, థాంక్యూ.”

“అదిగో! మీరు పనిచేసే లాండ్రీలో అందరికీ అప్పజెప్పే పాఠం అక్కడ పనికిరాదు. నొప్పి పెరిగితే ఏమనాలి?”

“పెరగదులే, టీచరుగారూ.”

“పెరిగితే! ‘పెయిన్ ఈజ్ వర్స్’. అనండి.”

“పెయిన్ ఈజ్...”

“ఆగరా! ఏమిటే అమ్మాయ్ దానర్థం?”

“నొప్పి ఎక్కువైందని, వదినా.”

“శివశివా! గడప దాటబోయేవాడి నోట ఆ మాటా? తథాస్తు దేవతలు వింటారే!”

“వాళ్ళకి ఇంగ్లీషు రాదులే అక్కా.”

“ఒక్కసారి అననివ్వండి వదినా. ‘ఐ కాంట్ బ్రీత్’ కూడా...”

“అదేమిటి మళ్ళీ?”

“ఊపిరాడటం లేదని.”

“చాలు! శుభమా అని బయల్దేరుతుంటే ఏం కూతలే ఇవి? ఒరే, నువ్వు ఫైన్ అనే అను నాయనా. ఎవరడిగినా ఫైనే.”

“విన్నావుగా టీచరుగారూ. క్లాసు రద్దు.”

“కార్లో నేర్పుతాను.”

“కార్లో నేనూ ఉంటానుగా!”

(తర్వాత, భార్యకి ఆమె తల్లి ఫోను.)

“ఎన్నిసార్లు చేసినా ఎత్తవేమే? ఆపరేషను అయిందా?”

“బాగానే అయిందమ్మా.”

“హమ్మయ్య. తింటున్నాడా?”

“తర్వాత లోపల రక్తం కారిందట. ఎవరికీ తెలీలేదట.”

“అదేమిటే! నర్సు అడగలేదా?”

“వచ్చినప్పుడల్లా అడిగిందట. ఫైన్, థాంక్యూ అన్నారట. నవ్వుతూ అన్నారట. అందుకే నమ్మిందట.”

“నొప్పని చెప్పొచ్చుగా!”

“అది ఇంగ్లీషులో రాదమ్మా ఆయనకి.”

“మీ వదిన ఏదీ? ఫోను తనకివ్వు.”

“తను మాట్లాడటం లేదమ్మా. ఎవరితోనూ.”

“సరే, అల్లుడికివ్వు. ఇంటికొచ్చాడా లేదా?”

“రాలేదమ్మా. బుధవారం తెల్లవారుజామున, ఆస్పత్రి మంచం మీదే పోయారు.”