గులాబీ కుదిరేదాకా

బ్యూటీ పార్లర్ లోపలి గది. అద్దం ముందు కుర్చీలో కూర్చున్నది వదిన. ఎదురుగా బ్రష్షు పట్టుకుని నిలబడ్డది ఆమె ఆడపడుచు, ఆ పార్లర్ నడిపే మనిషి.

"అది వద్దు. మరీ ప్లాస్టిక్ బొమ్మకి పూసే రంగులా ఉంది."

"నీ రెప్పలకి పూయట్లేదులే వదినా. నీ చేతి మీద రాసి చూపిస్తున్నా, అంతే. చూడు, ఈ లేత గులాబీ మన ఒంటి రంగు మీద ఎలా ఉందో."

"సున్నం కొట్టినట్టుంది."

"కదా. అందరూ పడేది అక్కడే. డబ్బాలో ముద్దొస్తుంది, రెప్ప మీదికొచ్చేసరికి బూడిదైపోతుంది. చామనఛాయకి ఇదిగో, ఈ వాడిన గులాబీ, కాస్త మట్టి కలిసినట్టుందే, ఇదీ. లేదంటే ఈ నేరేడు చాయది. వచ్చినవాళ్ళు ఏది అడిగినా చివరికి నా చెయ్యి ఈ రెంటి మీదికే పోతుంది."

"ఆవిడ ఏది వేసుకుంటుంది?"

"ఏ ఆవిడ?"

"తెలియనట్టు అడక్కు చిట్టీ. మీ అన్నయ్య పెళ్ళాం."

"ఆవిడా... ఆవిడది నారింజ కలిసిన గులాబీలే. ఆవిడ ఒంటికి అది నప్పుతుంది. నీకెందుకు ఆవిడది?"

"పోటీకి కాదు. ఇవాళ పాప స్కూల్లో ఆవిడ పక్కన కూర్చోవాలి కదా. పక్కపక్కన ఉంటే జనం చూస్తారు. చూసినప్పుడు మరీ దిష్టిబొమ్మలా ఉండకూడదని."

"కళ్ళు మూసుకో. ముందు అడుగుపూత వెయ్యాలి. అది లేకుండా గులాబీ వేస్తే అరగంటలో ముడతల్లోకి దిగిపోతుంది."

"ముడతలని మొహం మీదే అనేశావు."

"నాకూ ఉన్నాయి వదినా. కదలకు. ఇది ఆరాలి."

"ఎంతసేపు?"

"ఆరేదాకా."

"కారు నువ్వే తోలుతానన్నావు, గుర్తుందిగా? ఇక్కణ్ణుంచి స్కూలు దూరం."

"గుర్తుంది. సమయానికి దించుతా. కళ్ళు తెరవకు అన్నానా."

"నిజం చెప్పనా, నువ్వు ఫోన్ చేసి రా వదినా నేను ముస్తాబు చేస్తా అంటే, ఫోన్ పెట్టేశాక కాసేపు అలాగే నిలబడిపోయా. విడాకులయ్యాక మీ ఇంట్లోవాళ్ళెవరూ నన్ను వదినా అని పిలవలేదు. మీ అమ్మయితే బజార్లో కనిపిస్తే పక్కకి తిరిగి పోతుంది. నువ్వొక్కదానివి."

"తల కదపకు. ఇప్పుడు కంటి గుంటలో ముదురు రంగు వేస్తున్నా. ఎందుకో తెలుసా? వట్టి గులాబీ ఒక్కటే వేస్తే కళ్ళకలక వచ్చినట్టుంటుంది. లేదంటే రాత్రంతా ఏడ్చినట్టు. ముందు గోధుమరంగు నీడ, దాని మీద గులాబీ, వెంట్రుకల అంచుకి నల్లగీత. ఆ గీత ఉంటేనే రంగు రంగులా కనిపిస్తుంది, లేకపోతే రోగంలా కనిపిస్తుంది."

"ఏడ్చినట్టు ఉండటం నాకు కొత్తా."

"వదినా."

"సర్లే. నవ్వడానికన్నాను. అయిందా?"

"ఒక కన్నే."

"ఒక కంటికే ఇంతసేపా? ఇలా అయితే పాప ఉపన్యాసం కూడా అయిపోతుంది."

"ఉపన్యాసం చివర్లోలే. ముందు పెద్దల ప్రసంగాలుంటాయి, అవి ఒకపట్టాన తెమిలేవి కావు."

"అదే చెప్పింది వాళ్ళ క్లాస్ టీచర్. ఫోన్ చేసింది నాకు, పాపం మంచి మనిషి. మీ అమ్మాయి స్కూలు ఫస్టు, ఉపన్యాసం అయ్యాక అమ్మానాన్నల్ని స్టేజి మీదికి పిలిచి ఫోటో తీస్తారు, మీరు తల్లి కదా, మీకు చెప్పకపోతే ఎలా అంది. మీ అన్నయ్య చెప్పాడా? చెప్పలేదు. పాప కూడా మర్చిపోయి ఉంటుంది, పరీక్షల హడావిడిలో."

"మర్చిపోయి ఉంటుంది."

"నేనే దానికి మెసేజ్ పెట్టా, వస్తున్నానమ్మా అని. చూసింది. జవాబు ఇవ్వడానికి తీరిక ఉండదుగా."

"ఉండదు. రెండో కన్ను మూసుకో."

"నీ ఫోన్ మోగుతోంది."

"మోగనీ. పార్లర్‌కి సామాను వేసేవాళ్ళు. పొద్దున్నించీ ప్రాణం తీస్తున్నారు."

"మంచి పీడలే. ఆసుపత్రి లాండ్రీలో మా సూపర్‌వైజరూ అంతే. ఇవాళ సెలవడిగితే, ఏం, నీకేమైనా పెళ్ళా అన్నాడు. పెళ్ళికంటే ఎక్కువే అన్నాను. చేతులు చూడు, ఆ బ్లీచింగు నీళ్ళకి ఎలా తెల్లబడిపోయాయో. వీటికేమైనా ఉందా నీ దగ్గర?"

"చేతులకి ఏం చేసినా ఒక్కపూటలో మారవు. బ్యాగు పట్టుకుని కూర్చో."

"అదే అనుకున్నా. ఆ మధ్య డ్యూటీ దిగి అలాగే యూనిఫామ్‌తో స్కూలుకెళ్ళాను. దానికి చలికోటు కొన్నాను, అది ఇచ్చి వద్దామని. గేటు దగ్గరికొచ్చింది, తీసుకుంది, అమ్మా నువ్వెళ్ళిపో, నాకు క్లాసుంది అంది. పక్కనున్న పిల్ల ఎవరే అనడిగింది. ఏం చెప్పిందో తెలుసా?"

"ఏం చెప్పింది?"

"మా ఇంట్లో పనిచేసి మానేసినావిడ అంది."

"నువ్వు విన్నావా?"

"చెవుడు లేదుగా. విననట్టే ఊరుకున్నా. నాది తప్పు. ఆ వేషంలో వెళ్తే ఏ పిల్లకైనా సిగ్గేస్తుంది. పదహారేళ్ళ పిల్ల, డబ్బున్నవాళ్ళ పిల్లల మధ్య చదువుకుంటోంది. అందుకే ఇవాళ ఇలా. ఎవరే అనడిగితే మా అమ్మ అని చెప్పడానికి దానికి నోరు రావాలి. అంతే నా ఆశ. ఏయ్, ఏంటి తుడిచేస్తున్నావు?"

"ఎడమది కిందికి జారింది. రెండూ సమానంగా లేవు."

"బాగానే ఉందిగా, ఇందాక అద్దంలో చూశా."

"నీకు తెలీదు వదినా. పైనుంచి లైటు పడితే ఇట్టే తెలిసిపోతుంది. మళ్ళీ వేస్తా."

"ఇది రెండోసారి తుడవడం."

"కుదరొద్దా మరి?"

"నీకు చెయ్యి తిరిగిన పనేగా, పెళ్ళికూతుళ్ళని తయారుచేస్తావు. నా రెప్పలతోనే వచ్చిందా నీకు తంటా?"

"తుడిచి తుడిచి రెప్ప ఎర్రబడింది. చల్లనీళ్ళ దూది పెడతా. ఎరుపు తగ్గాక వేస్తేనే అసలు రంగు తెలుస్తుంది."

"నా ఫోనెక్కడ పెట్టావు? టైమెంతయిందో."

"అవతల గదిలో చార్జింగు పెట్టా. దూది తియ్యకు, తడి కారుతుంది."

"చిట్టీ, ఒక్క కంటికి రంగు తక్కువైనా ఫర్లేదు. బయల్దేరదాం."

"ఇంకొక్క పూత. మెరుపు వెయ్యాలిగా, రెప్ప మధ్యలో మాత్రం వేలితో అద్దాలి. రెప్పంతా మెరిపిస్తే వయసు బయటపడుతుంది, మధ్యలో ఒక్క చుక్క పడితే కన్ను విప్పారినట్టుంటుంది."

"ఆ చుక్క కారులో అద్దు. నీ ఫోన్ మళ్ళీ మోగింది. ఇది మూడోసారి."

"వదిలెయ్ వదినా, నే చూసుకుంటా. వదినా, అది ఇలా ఇవ్వు."

"ఆగు. ఎవరో ఫోటో పంపారు. ఇది పాప కదా."

"ఇటివ్వు."

"స్టేజి మీద. మెడలో పతకం. ఈ పక్కన మీ అన్నయ్య, ఆ పక్కన ఆవిడ. ఇది ఎప్పటిది?"

"వదినా, కూర్చో."

"ఎప్పటిదని అడుగుతున్నా."

"ఇప్పటిదే."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"నీకు తెలుసా, అయిపోతుందని?"

"ఫోన్ ఇలా ఇవ్వు వదినా."

"తెలుసు. అందుకే దూది పెట్టావు. అందుకే ఫోను తీసుకెళ్ళి అవతల పెట్టావు. నేను కళ్ళు మూసుకుని, గుడ్డిదాన్లా, ఈ కుర్చీలో. పైగా నిన్ను పొగుడుతున్నా, నువ్వొక్కదానివే నా మనిషివని."

"నేను నీకు చెడు చెయ్యాలని చెయ్యలేదు."

"మీ అన్నయ్య చెప్పాడా?"

"అన్నయ్యకి నువ్వొస్తున్నట్టే తెలీదు."

"అయితే ఆవిడ. తనొక్కతే తల్లిలా నిలబడాలని. గులాబీ కళ్ళేసుకుని."

"ఆవిణ్ణేమీ అనకు వదినా. నువ్వొస్తావని నేను చెబితే ముందు వరసలో నీకు కుర్చీ ఉంచమంది. స్టేజి మీదికి నిన్ను పంపించి తను కిందే ఉంటానంది. నిజంగా అంది."

"అబద్ధం."

"నా పిల్లల మీద ఒట్టు."

"మరి నీకేం పట్టింది? నీకేం చేశాను నేను? నీ పురుళ్ళు రెండూ నేను పోశాను. నీ పెళ్ళిలో ఈ చేతులతోనే నీకు ముస్తాబు చేశాను."

"తెలుసు. నన్నే తిట్టు. నేనే చేశాననుకో."

"అనుకోవడమేంటి, చేసింది నువ్వేగా."

"నేనే. తిట్టు. కొట్టినా పడతా. ఇంటికి దించనా?"

"ఇంటికెందుకు? స్కూలుకి పద. ఫోటో పోతే పోయింది, పిల్ల ఇంకా అక్కడే ఉంటుంది. అమ్మ వస్తానని రాలేదనుకుంటుంది. అందరి తల్లులూ వచ్చారు, తన తల్లి ఎక్కడుందోనని జనంలో వెతికి ఉంటుంది."

"వదినా."

"పోనీ ముందు ఫోన్ చేసి చెబుతా. మీ అత్త నన్ను కూర్చోబెట్టేసిందమ్మా, లేకపోతే నేను పరిగెత్తుకుని వచ్చేదాన్ని అని."

"చెయ్యకు."

"ఎందుకు? నీ బండారం బయటపడుతుందనా?"

"దానికి కాదు. చెయ్యకు వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా. నన్ను ఎన్నైనా అను, పాపకి మాత్రం ఫోన్ చెయ్యకు."

"చేస్తా. నా కూతురికి నేను ఫోన్ చేసుకోవడానికి నువ్వెవరు? తప్పుకో. నిజం దానికి తెలియాలి."

"దానికి తెలుసు వదినా. నిన్న ఫోన్ చేసి ఏడ్చింది. అత్తా, అమ్మని అందంగా తయారుచెయ్యి, ఎంతసేపైనా చెయ్యి, ఫోటో అయ్యేదాకా మాత్రం పంపకు అంది."