పంచనామా మీద దస్కత్

అవి మా ఇంటి బట్టలు సుత కావు వకీల్ సాబ్! కస్టమర్లయి. పెండ్లి బ్లౌజులు. మగ్గం వర్క్ చేయించి ఇస్త్రీ చేసి పెట్టినం. వాటి మీద బూటు కాలు పెట్టిండు గా పోలీసోడు. "సార్, జర చూసుకోండ్రి, వేరేటోళ్ళయి" అని నా బిడ్డ బిందు అంటే, "ముందు నువ్వు పక్కకు జరుగు" అన్నడు. కొడుకును పట్టుకపోయిన తెల్లారి, పొద్దుగాల ఎనిమిదింటికి! మైత్రీవనం ఎనక గల్లీ అంటే మీకు తెల్వనిదా? కోచింగ్ పోరగాండ్లందరు ఇడ్లీ ప్లేట్లు చేతుల పట్టుకొని మా ఇంట్లకు తొంగి చూస్తుండ్రు.

కూసుంటున్న సాబ్, కూసుంటున్న. నీళ్ళొద్దు.

మీరే చెప్పుండ్రి. ఇల్లు చెక్ చేసేటప్పుడు గల్లీల మనుషులను ఇద్దరిని పిలవాల్నా లేదా? వీడియో తియ్యాల్నా లేదా? ఏమేం తీస్కపోయిండ్రో రాసి మాకొక కాపీ ఇయ్యాల్నా లేదా? ఏదీ, ఇచ్చిండ్రా? అడిగితే నవ్విండ్రు. నవ్విండ్రు సాబ్!

ఇయన్ని నీకెట్ల తెలుసంటరా? బిందు చూపెట్టింది, ఫోన్ల. చట్టం గండ్లనే ఉన్నది, హైకోర్టు తీర్పులు సుత గండ్లనే ఉన్నయి. ఎవ్వలన్న చదువొచ్చట. ఇరవై ఎనిమిదేండ్ల సంది అమీర్‌పేటల బట్టలు కుడుతున్న, గిట్ల ఉంటదని నాకు తెల్వనే తెల్వదు. తెలిస్తే... ఏం లేదు. ఇడిసిపెట్టుండ్రి.

తొమ్మిది రోజులైంది నా కొడుకు జైలుకు పోయి. రేపు బెయిల్ మీద వాదన. మీరేమో ఏసీ కింద కూసొని "శాంతంగా ఉండండి భిక్షపతి గారూ" అంటుండ్రు. ఎట్లుండాలె శాంతంగ?

మా జగదీశ్ ఏం చేసిండు? పార్సిల్లు ఇచ్చుకుంట తిరిగెటోడు. అంతకు వారం ముందట బండ్ల చెకింగ్ కాడ ఆపితే, "సార్, ఏ రూల్ మీద నా ఫోన్ అడుగుతుండ్రు?" అన్నడు. గదే తప్పు. వాని మొఖం గుర్తు పెట్టుకున్నరు. మల్ల ఏమని రాసిండ్రు? "పొద్దున పదకొండు గంటలకు, బేగంపేట ఫ్లైఓవర్ కింద, ఇద్దరు పెద్దమనుషుల ఎదురుంగ, స్కూటర్ సీటు కింద రెండు కిలోల గంజాయి దొరికింది."

పదకొండింటికి మావోడు బేగంపేటల లేడు సాబ్! ఖైరతాబాద్‌ల, ఆర్టీఏ ఆఫీసు ముందట ఉన్నడు. నేను చెప్తలేను గా ముచ్చట, డబ్బా చెప్తుంది. కంపెనీవోళ్ళు బండికి పెట్టిన జీపీఎస్ డబ్బా. అగ్గిపెట్టెంత ఉంటది. ఎన్ని తిట్లు తిట్టిండు వాడు గా డబ్బాను! ఒంటికి పోయి రెండు నిమిషాలు ఆపినా ఆఫీసు నుంచి ఫోన్ వస్తదట, "ఏం ఆగినవ్?" అని. "నాయినా, కుక్కకు గొలుసు కట్టినట్టు కట్టిండ్రు" అని బాధ పడెటోడు. గిప్పుడు వాని దిక్కు నిలబడి మాట్లాడేది గదొక్కటే. పదకొండు నలభై దాక బండి కదలలేదని నిమిషం నిమిషం రాసి పెట్టింది.

మల్ల గా ఇద్దరు పెద్దమనుషులు ఎవ్వలు? ఒకడు జిరాక్స్ షాపోడు. ఇంకొకడు మా గల్లీల చాయ్ బండి సాయిలు. సాయిలు గాడు పంచ్ సాక్షి అట! ఆ దినం పదకొండింటికి నాకు చాయ్ పోసిండు సాబ్ వాడు. నా చేతికి గ్లాసు ఇచ్చిండు. బేగంపేటల ఎట్లుంటడు?

పోయి కాలర్ పట్టిన. ఆడనే, చాయ్ తాగేటోళ్ళందరి ముందట. "ఏం చూసినవ్‌రా నువ్వు? నా కొడుకు కాడ ఏం చూసినవ్?" అని గుంజిన. వాడు కొట్టలేదు, తిట్టలేదు. "ఖాళీ కాయిదం మీద దస్కత్ పెట్టమన్నరు, పెట్టిన. ఎవ్వని కోసమో నాకెట్ల తెలుస్తది? అయినా నీకు తెల్వనిదా అన్నా?" అన్నడు.

ఏమో, వాని మాటకు అర్థం నన్నడిగితే?

గట్ల చూడకుండ్రి సాబ్. గా కాయిదాలు నా దిక్కు జరపకుండ్రి. అవేందో నాకు తెలుసు. బిందు తీసిచ్చిన తీర్పే కదా.

వేరే తీర్పు లేదా? ఇంత పెద్ద హైకోర్టు, ఇన్నేండ్ల సంది నడుస్తుంది, గీ ఒక్కటేనా దొరికింది? ఢిల్లీది లేదా, ముంబైది లేదా? మీరు ఫీజు తీసుకున్నరు, ఎతకుండ్రి! అచ్చం మన కేసు లెక్కనే ఉన్నదంటరు. బండి జీపీఎస్ ఒక కాడ, పంచనామా ఇంకో కాడ. దస్కత్ కంటే డబ్బా మాటనే నమ్మాలన్నరు. మంచిగనే ఉన్నది. నేను కాదంటలేను. కాని రేపు కోర్టుల గది చదివితే పద్నాలుగో పేజీ సుత చదువుతరా?

తప్పదంటరు.

బిందు సుత చదివింది. మొన్న, కటింగ్ టేబుల్ మీద కూసొని. నాకు ఇంగ్లీషు రాదు కదా, ఒక్కొక్క లైను తెలుగుల చెప్పుకుంట పోతుంది. నాకు సంబురమైతుంది, కొడుకు బయట పడ్డట్టే అనుకుంటున్న. పద్నాలుగో పేజీ కాడ ఆగింది. "చదువు బిడ్డా" అన్న. చదువలేదు. ఫోన్ నా చేతిల పెట్టి లోపలికి పోయింది. ఇంగ్లీషు రాకున్నా నా పేరు నేను గుర్తు పడుత సాబ్. షాపు బోర్డు మీద రోజు చూస్తనే ఉంట.

భిక్షపతి, తండ్రి బుచ్చయ్య, దర్జీ. పదకొండు కేసులల్ల పంచ్ సాక్షి. ఈ మనిషి మాట నమ్మనీకి లేదు. అని రాసిండు జడ్జి.

పదకొండేనా? ఎక్కువనే ఉంటయి. ఏ ఠాణా అని అడగకుండ్రి, చెప్పను. వాళ్ళ యూనిఫామ్‌లు నేనే కుడుతుంటి. కొలతలకు పోతే కుర్చీ ఏసెటోళ్ళు. "భిక్షపతన్న పెద్దమనిషి, పంచ్ అంటే గిట్లాంటోడే ఉండాలె" అన్నడు ఠాణాల కాయిదాలు రాసే రైటర్ ఒకడు. సిరిసిల్లల మా నాయిన కులపోళ్ళల్ల పెద్దమనిషి. ఆలుమగల కొట్లాటైనా, అన్నదమ్ముల పంపకమైనా ఆయిన దస్కత్ పెట్టినంక ఎవ్వలు మారు మాట్లాడకపోయెటోళ్ళు. నాకు సుత గా ఇజ్జత్ వచ్చిందనుకున్న. మా నాయిన ఇరువైపుల మాట ఇని పెట్టెటోడు. నేను ఖాళీ కాయిదం మీద పెట్టిన. ఒక చేతిల కత్తెర, ఒక చేతిల పెన్ను. గుడ్డ కోసుకుంట పెట్టిన. థూ!

ఇంకా ఉన్నది. చెప్పనియ్యుండ్రి. గా తీర్పుల ఉన్న పిలగాడు మహేశ్, ట్రాలీ ఆటో డ్రైవర్. మూడేండ్ల రెండు నెలలు లోపలున్నడు. అంత వరకు రాసిండ్రు. రాయనిది నేను చెప్త.

కింది కోర్టుల నేను సాక్ష్యం చెప్పి బయటికొస్తుంటే వాళ్ళమ్మ ఎదురైంది. రుద్రమ్మ. అప్పటిదాక కొడుకు ఏం చెయ్యలేదనే నమ్మింది. నా మొఖం చూసి, "అన్నా, నువ్వు మర్యాదగల్లోని లెక్క ఉన్నవ్. నీ కండ్లతోటి చూసినవా? నువ్వు చూసిన అంటే నేను నమ్ముత" అన్నది.

చూసిన, అన్న.

ఇగ ఆమె కొడుకును చూడనీకి జైలుకు, ములాఖత్‌కు పోలేదట. వాడు ఇడుదలయ్యేదాక ఒక్కసారి సుత పోలేదట. ఇడుదలైనంక మహేశ్ నా షాపుకొచ్చిండు. కొడుతడేమో అనుకున్న. కొట్టలేదు. "కోర్టు నేను మంచోన్నే అన్నది, మా అమ్మ అంటలేదు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పన్నా, చూడలేదని. నీ మాటనే ఇంటది" అన్నడు.

చదువుండ్రి సాబ్ రేపు. గట్టిగ చదువుండ్రి, నా కొడుకు ఇనాలె, కోర్టు మొత్తం ఇనాలె. పద్నాలుగో పేజీ ఇడిసిపెట్టకుండ్రి.

నేనేం చెప్పినంటరా, మహేశ్‌కు?

"కస్టమర్లున్నరు తమ్మీ, మల్ల రా" అన్న. మల్ల రాలేదు వాడు. ఆ పూట షాపుల ఎవ్వలు లేరు సాబ్. నేనొక్కన్నే ఉన్న.