ఎజ్రా ఇంట్లో పళ్ళు లేని పండగ

మసాచుసెట్స్‌లో కార్వర్ ఊరు. థాంక్స్‌గివింగ్ పండగ పొద్దున. క్రాన్‌బెర్రీ అనే పుల్లటి ఎర్ర పళ్ళు పండించే రైతు ఎజ్రా ఇంటి వంటగదిలో అతని భార్య లొరేన్, షికాగో నుంచి రాత్రే వచ్చిన కూతురు హాలీ.

"ఖాళీ అంటే ఏమిటే? సరిగ్గా చూశావా?"

"చూశానమ్మా. పెట్టె తలకిందులు చేసి మరీ చూశాను. నాలుగు ఆకులు రాలాయి, అంతే."

"పక్క పెట్టె?"

"అందులో ఉల్లిపాయలు."

"అయ్యో దేవుడా! పండగ సాసుకి, ఇంటికోసమని మీ నాన్న విడిగా, చేత్తో కోసి నేలకింది సెల్లార్‌లో పెట్టిన పళ్ళే అవి. రాత్రి కూడా ఉన్నాయి, నా కళ్ళతో చూశాను."

"ఎలుకలేమో."

"ఎలుకలు పెట్టె అడుగు దాకా ఊడ్చి పెడతాయా? ఆ పులుపుకి ఒక్కటి కొరికి పారిపోతాయి. చూడు ఎలా ఉందో! నెల కింద లారీలకి లారీలు ఫ్యాక్టరీకి పంపాం. పండగనాడు ఇంట్లో గుప్పెడు పళ్ళు లేవు. ఎవరైనా వింటే నవ్విపోతారు."

"కొట్టుకెళ్ళి ఒక ప్యాకెట్టు తెస్తానుండు."

"ఏ కొట్టు? ఇవాళ మన రాష్ట్రంలో సూపర్ మార్కెట్లు తెరవకూడదని చట్టం కదే. షికాగో వెళ్ళి అదీ మర్చిపోయావా?"

"పోనీ, పక్క తోట విల్బర్ గారింట్లో అడుగుదాం."

"అడుగు. తూము దగ్గర గొడవైనప్పటి నుంచీ మీ నాన్న ఆ ఇంటి వైపు తలకూడా తిప్పడు. విల్బర్ పళ్ళతో సాసు చేశానంటే నన్నూ ఆ ఇంట్లోనే ఉండమంటాడు."

"మరి డబ్బా సాసు..."

"హుష్! ఆ మాట ఈ ఇంట్లో ఎత్తకు."

"ఆ డబ్బాల్లో పోసేది మన పళ్ళేగా అమ్మా?"

"పోసేది మనం, తినేది ఊళ్ళోవాళ్ళు అంటాడు మీ నాన్న. టర్కీ కోడి మాడినా నోరెత్తడు. సాసు లేకపోతే బల్ల దగ్గర కూచోడు. మధ్యాహ్నానికి మీ బాబాయిలు కూడా వస్తారు. ఏం చెయ్యనే ఇప్పుడు?"

"అమ్మా, ఒకటి చెబుతాను, అరవవుగా?"

"అరిచేలాంటిదేనా?"

"నాతో వచ్చిన నిల్స్ బండిలో ఒక సంచీడు పళ్ళున్నాయి."

"ఏ పళ్ళు?"

"ఇవే. క్రాన్‌బెర్రీలే."

"ఆ అబ్బాయికెక్కడివే? ఏదో యంత్రాల పని చేస్తాడన్నావుగా."

"చేస్తాడు. వాళ్ళ నాన్న తోటలో, యంత్రాల పని."

"తోటా? ఎక్కడ?"

"పడమటి వైపు."

"పడమటి వైపంటే?"

"కొంచెం దూరం."

"హాలీ!"

"విస్కాన్సిన్."

"విస్కాన్సినా!"

"అరవొద్దన్నానుగా."

"అరవలేదు. గరిటె కింద పడింది. యాభై రాష్ట్రాలున్న దేశంలో, నీకు ఇంకెక్కడా అబ్బాయి దొరకలేదా తల్లీ? అలాస్కా నుంచి తెచ్చినా నెత్తిన పెట్టుకునేవాడు మీ నాన్న."

"ఆ అబ్బాయే నచ్చాడు, ఏం చెయ్యను?"

"విస్కాన్సిన్‌లో మనకంటే ఎక్కువ పండిందని టీవీలో చెప్పారని, వారం రోజులు టీవీ కట్టేశాడు గుర్తుందా? వాతావరణం వార్తలు కూడా చూడలేదు. మంచు పడి మొగ్గంతా మాడిపోయింది. దానికీ మళ్ళీ వాళ్ళనే తిట్టాడు."

"గుర్తుంది కాబట్టే దాచాను. రాత్రి దిగగానే నిల్స్ ఆ సంచి నాన్న చేతికివ్వబోయాడు. నేనే వద్దని బండిలో పెట్టించాను. భోజనాలయ్యాక నేనే నాన్నతో చెబుతాను, పెళ్ళి సంగతి కూడా అప్పుడే చెబుతానన్నాను."

"పెళ్ళి దాకా వచ్చిందా!"

"వచ్చింది."

"మీ నాన్న కాదంటే మానేస్తావా?"

"మానను. నిల్స్‌ని వదులుకోను. కానీ అమ్మా, నాన్న మొహం చిన్నబుచ్చుకుని ఓ మూల కూచుంటే అది నాకు పెళ్ళిలా ఉండదు. చర్చిలో నాన్న చెయ్యి పట్టుకునే నడవాలి నేను. చిన్నప్పటి నుంచీ అదే అనుకున్నాను. నాకు నిజంగా భయంగా ఉంది."

"ఏడవకు. నువ్వేడిస్తే మీ నాన్న నన్ను ఉరిమి చూస్తాడు. వెళ్ళి ఆ సంచి పట్రా."

"అంటే?"

"అంటే ఏముంది? పళ్ళ మీద ఊరి పేరు రాసుంటుందా? మీ నాన్నా, నిల్సూ మళ్ళీ మడికెళ్ళారు. తెల్లారగట్ల ఒకసారి వెళ్ళొచ్చారు, ఇప్పుడు మళ్ళీ. అక్కడేముందో నాకు తెలీదు. వాళ్ళొచ్చేలోపు కానిచ్చేద్దాం. పరిగెత్తు!"

"ఇదిగో. సీటు వెనకాల ఉంది. తోట పేరున్న సంచి అనుకున్నాను, ఉత్త కాగితం సంచే."

"మంచిదే, దాచే పని తప్పింది. నీళ్ళు మరుగుతున్నాయి. మెత్తబడ్డవి ఏరెయ్. అనుమానం ఉంటే బల్ల మీద వదులు. బంతిలా ఎగిరిందంటే మంచి పండు."

"ఎగిరి పొయ్యి కిందికి పోయింది."

"అయితే చాలా మంచిది. వెయ్యి, వెయ్యి, అన్నీ నీళ్ళలో వెయ్యి. నారింజ తొక్క?"

"తురిమాను. పంచదార ఎంత?"

"పోస్తూ ఉండు. చాలన్నప్పుడు ఆపు. చాలు. ఇంకొంచెం. చాలు చాలు!"

"అమ్మా, టపటపా చిట్లుతున్నాయి."

"చిట్లనీ. కలపకు! ఊరికే కెలికితే గుజ్జయిపోతుంది. చప్పుడు తగ్గాక దించు, చల్లారితే అదే గట్టిపడుతుంది."

"రంగు చూడమ్మా, ఎంత బాగుందో! వాళ్ళవీ మంచి పళ్ళే."

"ఆ ముక్క మీ నాన్న దగ్గర అనకు. అదిగో, వస్తున్నాడు. కళ్ళు తుడుచుకో. ఎజ్రా, బూట్లు బయట!"

"విప్పాను లొరేన్, విప్పాను. కాళ్ళు కూడా విప్పి రమ్మంటావా? ఆహా, ఏం వాసన!"

"నిల్స్ ఏడి నాన్నా?"

"వెనక కుళాయి దగ్గర. మోకాళ్ళ దాకా బురద. ఏదీ, ఆ చెంచా ఇటివ్వు."

"ఇంకా చల్లారలేదు."

"చల్లారేదాకా ఎప్పుడైనా ఆగానా? ఊఁ. ఊఁ... ఇదీ సాసంటే! ఈ పులుపు చూశావా హాలీ? ముందు నాలుక గిల్లి, తర్వాత బుజ్జగిస్తుంది. ఇది మన ఇసక మడి పులుపు. విస్కాన్సిన్ వాళ్ళు తలకిందులుగా నిలబడినా రాదు. తల్లీకూతుళ్ళు ఎందుకు నవ్వుతున్నారు?"

"ఎవరు నవ్వారు?"

"లొరేన్, నీ భుజాలు ఊగుతున్నాయి."

"పొయ్యి వేడి."

"పొయ్యి వేడికి భుజాలు ఊగుతాయా? అవునూ, పళ్ళు ఎక్కడివి?"

"ఎక్కడివేమిటి? సెల్లార్‌లోవి."

"సెల్లార్‌లోవా?"

"ఆ."

"పెట్టెలోవా?"

"ఆ, పెట్టెలోవే. ఎందుకలా అడుగుతావు?"

"ఊరికే."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికే."

"నాన్నా, నావల్ల కాదు. అవి సెల్లార్‌లోవి కావు."

"హాలీ, ఆ బంగాళాదుంపలు చూడు."

"ఉండమ్మా. నాన్నా, అవి మన పళ్ళే కావు. నిల్స్ బండిలోంచి తెచ్చాను. వాళ్ళ నాన్న నీకు పంపిన పళ్ళు. వాళ్ళది విస్కాన్సిన్. క్రాన్‌బెర్రీ తోట. మేమిద్దరం పెళ్ళి చేసుకుంటున్నాం. తిట్టాలంటే నన్ను తిట్టు, నిల్స్‌ని అనకు. సాసు పారబోస్తానంటే పారబొయ్యి, కానీ..."

"ఊపిరి తీసుకో."

"తీసుకోను. నువ్వు ముందు ఏదో ఒకటి అను."

"విస్కాన్సిన్ అని తెల్లారగట్లే తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? వాణ్ణి మడిలోకి తీసుకెళ్ళాను. కొత్తవాడైతే మిగిలిపోయిన పండు కోసుకుని, నోట్లో వేసుకుని, మొహం వికారంగా పెట్టి ఉమ్మేస్తాడు. వీడు మోకాళ్ళ మీద కూచుని, తీగ పక్కకి జరిపి, వచ్చే ఏటి మొగ్గ చూశాడు. ఏ ఊరి రైతు కొడుకువిరా నువ్వు అన్నాను. చెప్పేశాడు. పెళ్ళి సంగతి కూడా చెప్పాడు. నీకున్న భయం వాడికి లేదు."

"మరి నాకు చెప్పలేదే!"

"నేనే చెప్పొద్దన్నాను. నువ్వు ఎప్పుడు చెబుతావో చూద్దామని. నా కూతురు నన్ను చూసి భయపడుతుందనుకోలేదు హాలీ. అది మటుకు కష్టమనిపించింది."

"సారీ నాన్నా. నువ్వు టీవీ కట్టేసిన..."

"ఆ టీవీ సంగతి వదిలెయ్యండి ఇంక!"

"నిల్స్‌ని ఏమన్నావు ఎజ్రా? నిజం చెప్పు, తిట్టావా?"

"తిడదామనే అనుకున్నాను. మాటలు కూడా వెతుక్కున్నాను. ఈలోపు తూము పలక ఇరుక్కుంది. నేను అడగలేదు, వాడే నీళ్ళలోకి దిగి లాగాడు. నవంబరు నీళ్ళు లొరేన్! పళ్ళు టకటకా కొట్టుకుంటూ, మీ తూము మా తూముకంటే బాగుందండీ అన్నాడు. అలాంటివాణ్ణి ఏమని తిట్టను?"

"అలా అన్నాడా!"

"అన్నాడు. తెల్లారగట్ల అక్కణ్ణించి ఇంటికొచ్చాక వాళ్ళ నాన్న పంపిన సంచి నా చేతిలో పెట్టాడు."

"నీ చేతిలోనా నాన్నా? ఏదీ?"

"షెడ్డులో దాచాను. మీ అమ్మ చూస్తే, ఇన్నాళ్ళూ వాళ్ళని తిట్టి ఇప్పుడు తింటున్నావా అంటుందని. ఓ గుప్పెడు తిన్నాను. మరీ తీసిపారేసేలా ఏం లేవు."

"నాన్నా, ఆ సంచి నీ షెడ్డులో ఉంటే, నేను బండిలోంచి తెచ్చిందేమిటి?"

"మన సెల్లార్ పళ్ళే. పెట్టెలోవి నేనే సంచిలో పోసి సీటు వెనక పెట్టాను."

"ఎజ్రా! పండగనాడు ఇంట్లో ఉన్న పళ్ళన్నీ ఊడ్చి పరాయి బండిలో పెట్టావా? నీకేమైనా మతిపోయిందా?"

"మరేం చెయ్యమంటావు లొరేన్? కుర్రాడు రేపు తిరిగి వెళుతున్నాడు. వియ్యంకుడి దగ్గరికి ఒట్టి చేతులతో ఎలా పంపను?"