బెంజమిన్ సార్ పెట్టిన బ్రాకెట్

పొద్దుగూకంగ శ్రీరాంపూర్ల ముసురు పట్టింది. బడి తాళంచెవి ఆఫీసుల అప్పజెప్పి వచ్చిన బెంజమిన్ సార్, తడిసిన అంగీతోనే రబియా చాయ్ హోటల్ల బల్ల మీద కూసున్నడు. ఆటో నడిపే దశరథం జర జరిగి జాగ ఇచ్చిండు. బడి మూతపడ్డ సంగతి అందరికి ఎరికే. ఎవ్వలు అడగలే. సారే మొదలువెట్టిండు.

“లెక్క చేసుడు ఎవలైన నేర్పుతరు. నోటితోని చెప్పిన లెక్కను గుర్తులల్ల రాసుడు మాత్రం నేనే నేర్పాలె. గంపల ఎనిమిది మామిడిపండ్లు, అండ్ల మూడు మురిగినయి. గసొంటి గంపలు రెండు. మంచియి ఎన్ని? ఎనిమిది మైనస్ మూడు ఇంటూ రెండు అని ఉత్తగ రాస్తే, మిగిలేటియి రెండే పండ్లు. ఎనిమిది మైనస్ మూడును బ్రాకెట్ల పెట్టు, పది పండ్లొస్తయి. నా క్లాసుల ఒక్కలు గూడ తప్పు రాయకపోతుండె.”

“మంచిదే గద సార్,” అన్నది రబియా, చాయ్ వడపోసుకుంట.

“ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? ఒకనాడు తనిఖీకి వచ్చిన పెద్దసారు ఇంత పొడుగు లెక్క చెప్పిండు. పోరగాళ్లు రాస్తనే ఉన్నరు, బోర్డు నిండింది, గోడలు నిండినయి, సుద్దముక్కలు అయిపోయినయి, బొగ్గు పెళ్లలు పట్టుకొని సడక్ మీద పడ్డరు. బస్సొచ్చి ఆగిపోయింది. టైరు కింద ప్లస్సు చెరిగి మైనస్ అయితదేమోనని డ్రైవర్ పరేషాన్.”

“మరి బస్సుల జనం?” అన్నడు దశరథం.

“వాళ్లను గూడ కలుపుకొనే రాసిండ్రు. గోదారి అడ్డమొస్తే నీళ్ల మీద రాసిండ్రు, అల కదల్లే. తీరా చూస్తే బ్రాకెట్ ఒక కొస మన బడికాడ, ఇంకో కొస మంథనిల. బ్రాకెట్ల ఉన్నదే ముందుగాల చెయ్యాలె, అది లెక్క నియమం. ఇగ మన వాడకే నల్లా ముందుగాల వచ్చె, దవాఖానల మనోళ్లనే ముందుగాల పిలిచె. కరీంనగరోళ్లు బయట నిలవడి, జర మమ్మల్ని గూడ లోపలికి తీస్కో సార్ అని బతిమాలిండ్రు.”

“సావు గూడ ముందుగాల మనకేనా సార్?” రబియా మెల్లగ అడిగింది.

“దాన్ని సున్నతోని గుణించిన. గా యేడు మన వాడల పాడె లేవలే.”

దశరథం గిలాస కింద పెట్టిండు.

“ఏమనుకోకుండ్రి సార్. నిరుడంత మీ బడికి వచ్చింది ఒక్క పిల్లనే, మీ మనుమరాలు గ్రేస్. మొన్న జూన్ల మీ బిడ్డ ఆమెను గూడ ప్రైవేటు బడి బస్సెక్కిచ్చె. మరి గివన్ని రాసిన పోరగాళ్లు ఎవలు?”

సార్ ముందున్న చాయ్ మీద మీగడ కట్టింది.

“నేనే రాసిన, దశరథం. పొద్దుగాల తాళం తీస్తే ఎదురుంగ బోర్డు ఖాళీగ కనవడుతుండె. సూడబుద్ధి గాక, ఈ కొసకెల్లి ఆ కొసదాక రాసుకుంట పోతుంటి. సాయంత్రం గంట గొట్టి, నేనే తుడుస్తుంటి.”