ప్లగ్గుకు అంటిన ఇనుపరజను

కోవెంట్రీలో, క్లైవ్ ఇంటి వెనక గ్యారేజీలో, కూతురు పాత మినీ కారు కింద పడుకుని గేర్‌బాక్స్ అడుగునున్న ఆయిల్ ప్లగ్గు ఊడదీసింది. తల్లి తలుపు దగ్గర కాపలా కాసింది.

"త్వరగా కానీవే! మీ ఆయన వచ్చాడంటే మన పని అయిపోయినట్టే."

"విడాకులిచ్చినవాడు ఇంకా మా ఆయనేమిటమ్మా? క్లైవ్ రేపు గానీ రాడు, కారు కొనేవాణ్ణి వెంటబెట్టుకుని. ఆ వచ్చేవాడు ముందు ఈ ప్లగ్గే విప్పి చూస్తాడు. దీని కొనకున్న అయస్కాంతానికి ఇనుము అంటుకుని ఉంటే గేర్లు పాడైనట్టు."

"ఇప్పుడేముంది?"

"ఏమీ లేదు, అద్దంలా ఉంది. ఆనాడు నాన్నకు చూపించింది క్లైవ్ తనే పూసి తెచ్చిన రజను. గేర్‌బాక్స్ పోయిందని నమ్మించి, నాన్న ప్రాణంలా చూసుకున్న బండిని తుక్కు ధరకు లాక్కున్నాడు. ఇప్పుడు నేనూ రజనే పూస్తున్నా. రేపు ఆ వచ్చినవాడు వద్దని పోతే, ఆ తుక్కు ధరకే మనకిచ్చేస్తాడు."

"నడిపితే అదంతా లోపలికి పోయి, బండి దారిలో ఆగిపోయి..."

"విప్పి చూడకుండా ఎవడూ నడపడమ్మా. భయపడకు."

"ఉత్త రజనైతే మామూలు అరుగుదలే అనుకుంటారే. ఇదిగో, ఇది అంటించు."

"విరిగిన గేరు పన్ను! ఎక్కడిదమ్మా?"

"పాత సామాన్ల కొట్లో అడిగి తెచ్చాను. ఒకటి చాలదేమోనని భయమేసి, రెండు తెచ్చాను."